ముందు తగిలించే ఆ చిన్న ముక్క

చిరంజీవికి,

నువ్వు పంపిన ఇంగ్లిష్ కథ రెండుసార్లు చదివాను. బాగుంది. ఆ ముసలి జడ్జి పాత్ర మరీ నచ్చింది. కానీ చివరి పేజీలో ఆయన గురించి నువ్వు రాసిన ఒక్క మాట కథని తలకిందులు చేసేసింది. వాదనలు వింటూ కునికిపాట్లు పడే మనిషిని ‘డిసింట్రెస్టెడ్’ అన్నావు. ఆయనకి ఆసక్తి లేదని నీ ఉద్దేశం. నువ్వు రాసిన మాటకేమో స్వలాభం చూసుకోని మనిషి, ఎటూ మొగ్గని మనిషి అని అర్థం. తిట్టబోయి సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది. నీకు కావలసింది ‘అనింట్రెస్టెడ్’. ఇంగ్లిష్‌లో ఇంట్రెస్ట్ అంటే ఆసక్తి అనీ ఉంది, సొంత ప్రయోజనం అనీ ఉంది. మాట ముందు తగిలించే అన్ మొదటిదాన్ని కొట్టేస్తే, డిస్ రెండోదాన్ని కొట్టేస్తుంది. ఆసక్తి లేదన్న అర్థంలోనూ డిసింట్రెస్టెడ్ వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, డిక్షనరీల్లో కూడా ఆ అర్థం కనిపిస్తుంది. అయినా జడ్జి పక్కన మాత్రం వద్దు. అక్కడ ఎవరికైనా నిష్పక్షపాతమే ముందు తడుతుంది.

నిన్ను వెక్కిరించే అర్హత నాకేం లేదులే. నీ వయసులో నేను ఓ పెద్దాయన మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాశాను. మంచి కవే గానీ పెద్దగా పేరు రాలేదు. ఫేమస్ కాదు కాబట్టి ‘ఇన్‌ఫేమస్’ అని రాసిపారేశాను. అచ్చుకు వెళ్లేముందు ఎడిటర్ ఫోన్ చేసి, ‘ఈయన ఏం నేరం చేశాడండీ?’ అని అడిగాడు. ఇన్‌ఫేమస్ అంటే చెడ్డపేరు మోసినవాడు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ముందు అన్, ఇన్ లాంటి ముక్క కనిపించగానే మన బుర్ర దాన్ని ‘కాదు’ అనే రబ్బరు స్టాంపులా చూస్తుంది. తెలుగులో మనం అలా చూడం కదా? అమూల్యమైన సలహా అంటే విలువ లేని సలహా అని ఎవరూ అనుకోరు. వెల కట్టలేనిదని అందరికీ తెలుసు. ఇంగ్లిష్ ‘ఇన్‌వాల్యుబుల్’ అచ్చం అదే. విలువ లేనిది అని చెప్పాలంటే ‘వాల్యూలెస్’ లేదా ‘వర్త్‌లెస్’ అనాలి. పాత పుస్తకాల్లో కనిపించే ‘అనుత్తమం’ సంగతీ అంతే: దాన్ని మించిన ఉత్తమం లేదని. అమూల్యాన్ని ఒక్క మాటగా నేర్చుకున్నట్టే వీటినీ నేర్చుకో. విడగొట్టి లెక్క కట్టకు.

అసలు ఈ చుట్టరికం మనకి కొత్తేం కాదు. అనర్హుడులో సంస్కృతం అన్, ఇంగ్లిష్ అన్, లాటిన్ ఇన్, గ్రీకు నుంచి వచ్చిన ‘ఎమోరల్’లోని ఎ, అన్నీ ఒకే పాత మూలం నుంచి పుట్టినవే. చిక్కల్లా ఇంగ్లిష్ వీటన్నిటినీ ఒకే ఇంట్లో పెట్టుకోవడంతో వచ్చింది. పైగా ఎమోరల్, ఇమ్మోరల్ ఒకటి కావు. నీ కథలో దొంగకి నీతి తెలుసు, తెలిసే తప్పాడు, అతను ఇమ్మోరల్. తుఫానుకి నీతితో పనే లేదు, అది ఎమోరల్.

లాటిన్ ఇన్ పక్క అక్షరాన్ని బట్టి రంగు మారుస్తుంది. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అయినట్టు, లీగల్ ముందు అది ఇల్ అవుతుంది, రెగ్యులర్ ముందు ఇర్, పాసిబుల్ ముందు ఇమ్. అన్ మాత్రం మొండిది. లాఫుల్ ముందూ పాపులర్ ముందూ అన్‌గానే నిలబడుతుంది.

నీ కథలో నాలుగుచోట్ల ఎర్ర గీత పడింది మాత్రం ఇంకో కారణానికి. ‘అన్‌జస్ట్’ సరే, దాన్ని చూసి ‘అన్‌జస్టిస్’ అన్నావు. అక్కడ ‘ఇన్‌జస్టిస్’ రావాలి. అన్‌ఏబుల్ పక్కన ఇనెబిలిటీ, అన్‌ఈక్వల్ పక్కన ఇన్‌ఈక్వాలిటీ, అన్‌స్టేబుల్ పక్కన ఇన్‌స్టెబిలిటీ. విశేషణంలో అన్ ఉండి, నామవాచకం దగ్గరికి రాగానే ఇన్ అయిపోతుంది. ఎందుకంటే ఇవి ఒక్కరోజున, ఒక్క చేత్తో తయారైన మాటలు కావు. లాటిన్, ఫ్రెంచ్ నుంచి తయారుగా వచ్చినవి కొన్ని, ఇంగ్లిష్‌లో అతికించుకున్నవి కొన్ని. అక్కడివాళ్లకీ చాలాకాలం ఇది తేలలేదు. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిలో జెఫర్సన్, ఎవరూ లాక్కోలేని హక్కులన్న అర్థంలో ‘ఇన్‌ఏలియనబుల్’ అని రాస్తే, చివరి ప్రతిలో ‘అన్‌ఏలియనబుల్’ అని పడింది. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది మొదటిదే. కాబట్టి సూత్రం కోసం వెతకొద్దు, జంటలుగా నోటికి పట్టించు.

రచయితకి ఇవి తలనొప్పే కాదు, పనిముట్లు కూడా. ఒక్క ‘యూజ్డ్’నే తీసుకో. అన్‌యూజ్డ్ గది అంటే వాడకుండా ఉన్నది, బహుశా ఇంకా ఎవరూ అడుగే పెట్టనిది. డిస్‌యూజ్డ్ గది అంటే ఒకప్పుడు వాడి వదిలేసింది, బూజు వాసన అప్పుడే వస్తోంది కదా! మిస్‌యూజ్డ్ అంటే అక్కడ జరగకూడనిది ఏదో జరిగింది. మూడు ముక్కల్లో మూడు కథలు. తెలియక చెప్పినా తప్పుడు సమాచారం మిస్‌ఇన్ఫర్మేషనే, మోసం చేద్దామనే చెబితే అది డిస్‌ఇన్ఫర్మేషన్.

స్పెల్లింగ్ టెన్షన్ పెట్టుకోకు. ముక్కనీ మాటనీ దేన్నీ కొరక్కుండా పక్కపక్కన పెట్టు చాలు. మిస్, స్పెల్ కలిస్తే ఎస్‌లు రెండు. డిస్, అపియర్ కలిస్తే ఎస్ ఒక్కటే.

ఒకచోట మాత్రం ఈ ముక్క నిప్పుతో చెలగాటం. నీ గోడౌన్ సీన్‌లో ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసిన డబ్బా పక్కన హీరో నిశ్చింతగా సిగరెట్ ముట్టించాడు. ఆ మాటకి సులువుగా అంటుకునేదనే అర్థం. అక్కడి ఇన్ ‘కాదు’ అని చెప్పేది కాదు, లోపలికి అని చెప్పే మరో లాటిన్ ఇన్. ఇలాంటి ప్రమాదం ఉందనే హెచ్చరిక బోర్డుల మీద ‘ఫ్లేమబుల్’ అని రాయడం మొదలుపెట్టారు. అంటుకోని దానికి ‘నాన్‌ఫ్లేమబుల్’ ఉంది. హీరో బతకాలంటే డబ్బా మీద మాటైనా మార్చు, లేదా సిగరెట్ తీసేయి.

అసంతృప్తితో ఉన్నాడనే ‘డిస్‌గ్రంటిల్డ్’ దగ్గర మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టుకున్నావు, మరి గ్రంటిల్డ్ ఎక్కడని. గ్రంటిల్ అంటే గునుస్తూ ఉండటం. అక్కడి డిస్‌కి బాగా, పూర్తిగా అనే అర్థం. సంతోషంగా ఉన్నాడనే గ్రంటిల్డ్‌ని తర్వాత ఎవరో సరదాకి పుట్టించారు. ఆ మాట సరిగ్గానే వాడావు, ఉంచు.

జడ్జిని సరిచేసి మళ్లీ పంపు. ఈసారి గీతలు పెన్సిల్‌తో పెడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు