కీమోల మధ్య మంచి రోజు వస్తే అమ్మను బజారుకు వెళ్ళనివ్వవచ్చా?

ఒంగోలు నుంచి మీరు అడిగిన ప్రశ్న ఇది. అమ్మగారికి 21 రోజులకు ఒకసారి కీమో ఎక్కిస్తున్నారు. మూడో వారానికి తేరుకుని వంట చేస్తానంటారు, బజారుకు వెళ్తానంటారు, ఈసారి సింగరాయకొండలో పెళ్ళికి కూడా వస్తానంటున్నారు. వద్దని కూర్చోబెట్టాలా, సరే అనాలా?

సరే అనండి. డాక్టరు గీసిన హద్దులు ఎలాగూ ఉంటాయి, వాటి సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ మంచి రోజు ఎలా ఉంటుందో అనుభవించినదాన్ని కాబట్టి అది చెప్పాలి.

మాది నెల్లూరు మూలాపేట. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక నాకు కీమో మొదలుపెట్టారు. మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరానికి ఎక్కిస్తారు. ఆపైన 14 రోజులు ఉదయం, రాత్రి తిండి తిన్న అరగంటలోపు కెపెసిటబిన్ మాత్రలు. చివరి 7 రోజులు మందు ఉండదు. మీ అమ్మగారి మందు వేరైతే లెక్క వేరుగా ఉంటుంది, కానీ మూడో వారంలో ప్రాణం కుదుటపడటం చాలామందిలో చూశాను.

ఆక్సాలిప్లాటిన్‌తో వచ్చే పెద్ద చిక్కు, చల్లనిది ఏది తగిలినా ఓర్చుకోలేకపోవడం. నాకు అది వచ్చింది నెల్లూరు ఎండాకాలంలో! కుండ నీళ్ళ గ్లాసు పట్టుకుంటే వేళ్ళలో జివ్వుమంటుంది, గుటక వేస్తే గొంతు పట్టేస్తుంది. ఫ్రిజ్ తలుపు తీయాలంటే చేతికి గుడ్డ చుట్టుకునేదాన్ని. చెన్నైలో మందు ఎక్కించుకుని పినాకిని రైల్లో తిరిగి వచ్చేటప్పుడు అందరూ ఏసీ పెట్టె కోసం చూస్తారు, మేము అది వద్దని వడగాలి కొట్టే మామూలు పెట్టెలో కూర్చునేవాళ్ళం. ఇంట్లో అందరూ ముంజలు తింటుంటే నేను గోరువెచ్చని నీళ్ళు తాగుతూ వాళ్ళను చూడటం, అదో వైభోగం. మందు ఎక్కిన తొలి రోజుల్లో ఈ బాధ ఎక్కువ, తరువాత మెల్లగా తగ్గుతుంది.

అలా తగ్గిన ఒక రోజు పొద్దున కాఫీ నోట్లో పోసుకుంటే కాఫీలాగే ఉంది. అంతకు ముందు ఏది తిన్నా రాగి చెంబు నాకినట్టు ఉండేది. గ్లాసు కింద పెట్టకుండానే, "చేపలకు నేను వెళ్తాను" అన్నాను. మా ఆయన ఏమీ అనలేదు గానీ థర్మామీటర్ తెచ్చి చేతికిచ్చారు. జ్వరం లేదు. ఈలోగా మా అబ్బాయి ఫోను చేసి, నాకు బాగుందని తెలిసి, సాయంత్రం మైపాడు బీచికి తీసుకెళ్తానన్నాడు. సముద్రం ఎక్కడికీ పోదు, నాకు కొర్రమీను కావాలి అని చెప్పి పెట్టేశాను.

రద్దీ పెరగక ముందే మార్కెట్‌కు వెళ్ళాం. ఈ మందుకు జుట్టు పలచబడుతుంది కానీ సాధారణంగా మొత్తం ఊడిపోదు. అందువల్ల మాస్కు పెట్టుకున్న మామూలు ఆడమనిషిలాగే ఉన్నాను. ఎప్పుడూ కొనే ఆమె దగ్గరికి వెళితే, "చాలా రోజులకు కనబడ్డావమ్మా, చిక్కిపోయావే" అని, ఆ ఊపులోనే మండిపోయే ధర చెప్పింది. నేను సగానికి అడిగాను. ఆమె తొట్టిలో ఈదుతున్న చేపను ఎత్తి చూపించి, ఇలాంటిది ఆ ధరకు ఎవరిస్తారో వాళ్ళ దగ్గరే కొనుక్కోమంది. నాకు కోపం రావలసింది పోయి ఒళ్ళంతా హుషారు వచ్చింది. ఎందుకో చెబుతాను. జబ్బు చేసినప్పటి నుంచి ఇంట్లో నాతో ఎవరూ వాదించడం లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే సరే, తక్కువైందంటే సరే. అత్తగారి దగ్గర నుంచి పక్కింటి వాళ్ళ దాకా అందరూ సరే సరే. అలాంటిది ఈమె ఒక్కతి నన్ను రూపాయి కూడా తగ్గించకుండా దబాయించింది! చివరికి ఆమే నెగ్గింది. చేపను అక్కడే శుభ్రం చేయించి తెచ్చుకున్నాం.

వంటలో నా వాటా తక్కువే. కెపెసిటబిన్ వల్ల అరచేతులు ఎర్రబడి పొరలు లేస్తాయి, కారం తగిలితే భగ్గుమంటుంది. వేలి కొసలకు స్పర్శ తగ్గింది కాబట్టి కత్తిపీట దగ్గరికి నన్ను రానివ్వలేదు. చింతపండు పిసికింది, మామిడికాయ కోసింది మా వదిన. పొయ్యి దగ్గర నిలబడి పులుసు ఎంత చిక్కబడాలో, ముక్కలు ఎప్పుడు వేయాలో చెప్పింది మాత్రం నేను. నోటి పుండ్లు మానిన వారం కదా, కారం తగ్గించి వేయించాను. చేపల పులుసు మరునాడే రుచి అని నెల్లూరులో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. కీమోలో ఉన్నవాళ్ళు రాత్రంతా బయట ఉంచినది తినకూడదని డాక్టర్లు చెబుతారు. ఇద్దరి మాటా పోనివ్వకుండా నా వంతు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టించి, మరునాడు బాగా మరగకాచి తిన్నాను.

మధ్యాహ్నం మిషను దగ్గర కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించడం నావల్ల కాలేదు. పక్కింటి అమ్మాయి నాలుగైదు సూదుల్లో ఎక్కించి పెట్టి వెళ్ళింది. ఎవరి జాకెట్టూ కాదు, నా చీరకే ఫాల్ కుట్టుకున్నాను. కుట్టు వంకరగానే వచ్చింది. లోపలి వైపు ఎవరు చూస్తారు! మూడు గంటలు దాటాక ఒక్కసారిగా ఒళ్ళు వాలిపోయింది, సగంలో వదిలేసి పడుకున్నాను. ఈ వాలిపోవడం మీ అమ్మగారికీ ఉంటుంది. అది చూసి, చెప్తే వినలేదు అనకండి. బజారుకు వెళ్ళకపోయినా వాలిపోయేదే.

నన్ను అడిగితే మంచి రోజును పాడు చేసేది బజారు కాదు, పరామర్శలు. కాస్త బాగుందట అని తెలియగానే వరసగా దిగుతారు. ఒకరు దగ్గుతూ వస్తారు, ఒకరు లక్ష్మణఫలం ఆకు కషాయం తాగమంటారు. డాక్టరును అడగకుండా ఏ కషాయమూ తాగనివ్వకండి. ఆ రోజు ఆమె ఏ పని చేయాలనుకుంటారో ఆమెనే అడగండి. మీకు విహారయాత్ర తోచవచ్చు, ఆమెకు బియ్యంలో రాళ్ళు ఏరుకోవాలని ఉండవచ్చు.

ఇక హద్దులు. రక్తంలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు చాలా మందులకు రెండో వారం అటూ ఇటూగా బాగా పడిపోతాయి, తరువాత పుంజుకుంటాయి. అందుకే పైకి బాగున్నా, చివరి రక్తపరీక్షలో కౌంట్ ఎంత ఉందో చూసి, బయటికి వెళ్ళవచ్చా అని డాక్టరును అడగండి. థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ ఆపైన గానీ చూపిస్తే అది ఎంత మంచి రోజైనా, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు, మాత్రకు జ్వరం దాగిపోతుంది, ఇన్ఫెక్షన్ దాగదు.

పెళ్ళికి డాక్టరు ఒప్పుకుంటే, జనం కిక్కిరిసే రాత్రి రిసెప్షన్‌కు కాకుండా ముహూర్తానికి తీసుకెళ్ళండి. గాలి ఆడేచోట, తలుపు దగ్గర కుర్చీ వేయించండి. తొలి పంక్తిలో వేడిగా వడ్డించిన అన్నం, పప్పు, కూరలు తినవచ్చు. పెరుగు పచ్చడి, ముందే కోసిపెట్టిన పండ్లు, ఐస్‌క్రీం వద్దు. కారు మీదే అయితే ఆమె "పోదాం" అన్న నిమిషంలో బయలుదేరవచ్చు. ఇంకో మాట, పాత జాకెట్లు ఇప్పుడు ఆమెకు వదులై ఉంటాయి. ఈ వారమే రెండు పక్కలా కుట్లు లోపలికి వేయించండి. లేకపోతే ఆ పూట పిన్నీసులతో బిగించుకుంటారు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవాళ్ళకు చిన్న పోటు పడినా రక్తం త్వరగా ఆగదు.