శ్రీశైలం నడకదారిలో సేవా శిబిరం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఉగాదికి కర్ణాటక నుంచి శ్రీశైలం నడిచిపోయే భక్తుల కోసం నందికొట్కూరు రోడ్డు మీద మా వీధి కుర్రాళ్లం శిబిరం వేస్తాం. పోయినేడు మధ్యాహ్నం వండిన అన్నం సగం మిగిలిపోయింది. లెక్క ఎక్కడ తప్పిందంటారు? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: లెక్క కాదు, వేళ తప్పింది. వాళ్లు తెల్లవారుజామున మూడు నాలుగింటికే నడక మొదలుపెడతారు. ఎండ ముదిరేసరికి, అంటే పది పదకొండు గంటలకల్లా, చెట్టో సత్రమో చూసుకుని ఒరుగుతారు. మళ్లీ లేచేది సాయంత్రం నాలుగు దాటాకే. ఒంటిగంటకు మీరు గంటె పట్టుకుని నిలబడితే రోడ్డు మీద ఎవరుంటారు? టిఫిను ఆరు నుంచి తొమ్మిది లోపు, భోజనం పదిన్నరకు ఒకసారి, రాత్రి ఏడుకు ఒకసారి పెట్టుకోండి. మధ్యాహ్నం వాళ్లకు కావలసింది నీడ, చాప, తాగేనీళ్లు.

ఇంకో సంగతి. వీళ్లలో వీరశైవులు ఎక్కువ. స్నానం చేసి లింగపూజ కానిదే మెతుకు ముట్టనివాళ్లు చాలామంది ఉంటారు. అన్నం పొగలు కక్కుతున్నా స్నానానికి నీళ్లు లేకపోతే ముందుకే నడిచిపోతారు. కాబట్టి వడ్డించే బల్లల కన్నా ముందు నీళ్ల ఏర్పాటు చూడండి. మనిషికి ఒక బకెట్, అంటే 15 నుంచి 20 లీటర్లు వేసుకుంటే 5,000 లీటర్ల ట్యాంకరు 250 మందికి పైగా సరిపోతుంది. ఆడవాళ్లకు టార్పాలిన్‌తో నాలుగు పక్కలా మరుగు కట్టాలి.

వందమందికి బియ్యం 11–12 కిలోలు, కందిపప్పు రెండున్నర కిలోలు చాలు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఒక గిన్నె వేరుగా దించండి, దీక్షలో ఉన్నవాళ్లు అడుగుతారు. పొద్దున టిఫినుకు ఉగ్గాణిని (బొరుగుల ఉప్మా) మించింది లేదు. బళ్లారి, రాయచూరు వాళ్లకూ అది ఇంటి తిండే. వందమందికి 5 కిలోల బొరుగులు, కిలో పప్పుల పొడి పడతాయి. అయితే బొరుగులన్నీ ఒకేసారి నానబెట్టొద్దు, గంటలో ముద్దయి కూర్చుంటాయి. పాతిక ప్లేట్లకొకసారి తడిపి, నీళ్లు పిండేసి, పోపులో వేయండి.

తేదీ కూడా చూసుకోండి. పండగనాటికి వాళ్లు కొండ మీద అమ్మవారికి చీర సమర్పిస్తూ ఉంటారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. కర్నూలు చుట్టుపక్కల రద్దీ పండక్కి వారం పది రోజుల ముందే మొదలవుతుంది. ఉగాది నాడు టెంటు వేస్తే మీరే పచ్చడి తిని ఇంటికి రావాలి.

ప్రశ్న: మజ్జిగ పదకొండు గంటలకే పులిసిపోతోంది. ఐస్ వేసినా ఆగడం లేదు. (ఒక పాఠకురాలు, నందికొట్కూరు)

జవాబు: ఐస్ గడ్డలు మజ్జిగలో వేయకండి. చేపలకూ కూల్‌డ్రింకులకూ అమ్మే ఆ గడ్డ ఏ నీళ్లతో చేశారో, ఏ గోనెసంచిలో వచ్చిందో తెలియదు. వాంతులు, విరేచనాలు అక్కడే మొదలవుతాయి. పెద్ద తొట్టిలో ఐస్ పోసి, మజ్జిగ పాత్రను మూతపెట్టి అందులో నిలబెట్టండి. పెరుగు చిక్కగానే ఉంచి, ఒక్కో విడతకు 10 లీటర్ల పెరుగుకు 40 లీటర్ల మంచినీళ్లు, 200 గ్రాముల ఉప్పు కలపండి. 200 మిల్లీలీటర్ల గ్లాసులైతే 250 వస్తాయి. అది అయ్యాకే రెండో విడత కలపాలి, మిగిలినదాంట్లో కొత్తది పోయొద్దు.

ప్రశ్న: కాళ్లకు బొబ్బలెక్కి వచ్చేవాళ్లు ఎక్కువ. పగలగొట్టి మందు రాయమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. (ఒక కాలేజీ విద్యార్థి, ఆత్మకూరు)

జవాబు: ముందు ఒక ప్రశ్న అడగండి: ‘షుగర్ ఉందా?’ ఉందంటే బొబ్బ ఎంత పెద్దదైనా మీరు సూది పెట్టొద్దు. కడిగి, మెత్తని గాజుగుడ్డ కట్టి, డాక్టరు దగ్గరికి పంపాలి. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అరికాలు మొద్దుబారి ఉంటుంది, ముల్లు దిగినా తెలియదు. అందుకే నొప్పి లేదన్నా రెండు పాదాలూ తిప్పి చూడండి, వేళ్ల సందులతో సహా.

మిగతావాళ్లలో చిన్న బొబ్బను కదిలించొద్దు, పైచర్మమే దానికి కట్టు. ఉబ్బి అడుగు వేయనివ్వకపోతేనే నీళ్లు తీయాలి. సబ్బుతో కాలు కడిగి, తుడిచి, పోవిడోన్ అయోడిన్ రాసి, బొబ్బ అంచున కొత్త సూదితో ఒకటి రెండు చోట్ల గుచ్చి, గాజుగుడ్డతో మెల్లగా ఒత్తండి. చర్మాన్ని కత్తిరించడమే ఎక్కువమంది చేసే తప్పు. పచ్చిపుండు మీద రోడ్డు దుమ్ము పడి మర్నాటికి చీము పడుతుంది. ఒక సూది ఒక్క మనిషికే. వాడినవి గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి అప్పగించండి. ఇంకా బొబ్బ రానివాళ్లకు మడమకూ వేళ్లకూ వాజెలిన్ రాసి, పొడి సాక్సులు ఇవ్వండి. మీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే రెండో స్వీటు మానేసి సాక్సులు కొనండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరుదైతే లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలి. గ్లాసులో చిటికెడు చిటికెడు వేసి ఇస్తున్నారు, అది పనిచేయదు. ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవండి.

మనిషి తిక్కతిక్కగా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ అనుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. మెడకు, చంకలకు, గజ్జలకు గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో చుక్క నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగేవాళ్లకు పులిహోర ప్యాకెట్లు కట్టివ్వచ్చా? (ఒక పాఠకుడు, ఆత్మకూరు)

జవాబు: వద్దు. రాత్రి వండి వేడిమీదే కవర్లో కట్టిన అన్నం పొద్దెక్కేసరికి చెమర్చి పాడవుతుంది. పైగా నాగలూటి, పెచ్చెర్వు దారంతా పులుల అభయారణ్యం, అక్కడ పడేసిన ప్రతి కవరూ ఏదో ఒక జంతువు కడుపులోకి పోతుంది. వేయించిన బుడ్డలు (వేరుశనగలు), బెల్లం కాగితం పొట్లాల్లో ఇవ్వండి. నీళ్లు వాళ్ల సీసాల్లోనే నింపండి. లోపల పొయ్యి పెట్టాలనుకుంటే అటవీశాఖ అనుమతి ఉన్నచోటే పెట్టాలి.

ప్రశ్న: బోర్డు మీద ఏం రాయించాలి? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: మీ సంఘం పేరు చిన్నగా రాయించి, ‘ఊట, మజ్జిగె, స్నాన, ఔషధి’ అని కన్నడ లిపిలో పెద్దగా రాయించండి (కన్నడంలో ఊట అంటే భోజనం). తర్వాతి శిబిరం ఎన్ని కిలోమీటర్లలో ఉందో కూడా వేయించండి. రాత్రి నడిచేవాళ్ల సంచులకు అంటించడానికి రేడియం స్టిక్కర్లు బోర్డు పక్కనే పెట్టండి.