లైట్నింగ్ ట్రక్కు కొనే ముందు నీ ఇంటి కరెంటు ప్యానెల్ తలుపు తీసి చూడు

నోవై, మిషిగన్
2026 ఫిబ్రవరి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన కబురు విని మీ అత్తయ్యా నేనూ సంతోషించాము. లివోనియాలో ఇల్లు కొని నాలుగు నెలలు కాకముందే ట్రక్కు మీదికి మనసు పోయిందంటే, ప్లైవుడ్డు పలకలనూ మంచు తోడే యంత్రాన్నీ సెడాన్ కారులో కుక్కడం ఎంత తిప్పలో నీకు ఈ చలికాలంలోనే తెలిసివచ్చిందన్నమాట. ఫోర్డ్ వారి కరెంటు ట్రక్కు, 2023 నాటి ఎఫ్-150 లైట్నింగ్, పెద్ద బ్యాటరీది, మంచి ధరకు దొరుకుతోందనీ, అమ్మే ఆయన బండితో వచ్చిన 80 ఆంపియర్ల గోడ చార్జరును కూడా ఊరికే ఇస్తానంటున్నాడనీ, దానిని వెంటనే గ్యారేజీలో బిగించేద్దామా అనీ అడిగావు. అప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాను, ఎందుకంటే అది అవును, కాదు అని తేల్చే మాట కాదు. 2022 చివర కొన్న చిన్న బ్యాటరీ లైట్నింగ్‌నే నేను ఇప్పటికీ నడుపుతున్నాను. ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రికల్ ఇంజినీరుగా పనిచేసిన నేనే మొదటి ఏడాది ఒక పెద్ద తప్పు చేశాను కనుక, నీకు తీరికగా రాయడమే మంచిదనుకున్నాను.

అన్నిటికంటే ముందు నువ్వు తేల్చుకోవలసింది ఆ బండి ఎంత కరెంటు తాగగలదన్నది కాదు, నీకు ఒక రాత్రికి ఎంత కావాలన్నది. మీ తాతగారు బోరు వేయించినప్పుడు పక్క చేలో ఏడున్నర హెచ్.పి. మోటారు ఉన్నదని మనమూ అదే పెడదామని నేను పట్టుబట్టాను. ఆయన మాత్రం మడి ఎంత, రాత్రి కరెంటు ఎన్ని గంటలు ఇస్తారు, బోరులో ఊట ఎంత అని లెక్క చూసి ఐదు హెచ్.పి.తో సరిపెట్టారు. పక్క చేలో మోటారు రెండుసార్లు కాలింది, మాది కాలలేదు. ఇక్కడా లెక్క అదే.

నీ ఆఫీసుకు రానూపోనూ 50 మైళ్ళన్నావు. మన ఊరి బిల్లులో వాడే మాటలోనే చెబుతాను, ఒక కిలోవాట్-అవర్‌ను ఒక యూనిట్ అనుకో. ఈ ట్రక్కు వేసవిలో యూనిట్‌కు రెండు మైళ్ళు, ఒక్కోసారి కాస్త ఎక్కువే నడుస్తుంది. జనవరి చలిలో, హీటరు వేసుకొని, హైవే మీద వెళ్తే ఒకటిన్నర మైళ్ళకు కూడా దిగుతుంది. అంటే నీకు వేసవిలో రోజుకు 25 యూనిట్లు, నడి చలికాలంలో 33 పైచిలుకు కావాలి. 240 వోల్టుల మీద 24 ఆంపియర్లు లాగే చిన్న చార్జరు గంటకు 5.76 యూనిట్లు ఇస్తుంది. రాత్రి పది గంటలు పెడితే 57 యూనిట్లు. అందులో పదో వంతు వేడి రూపంలో పోయిందనుకున్నా బ్యాటరీలోకి 50 చేరుతాయి. నీ అవసరానికి అది చాలు, కొంత మిగులుతుంది కూడా. 131 యూనిట్ల పెద్ద బ్యాటరీని ఎనిమిది గంటలలో నింపగల 80 ఆంపియర్ల పెట్టె రోజూ ఖాళీ బ్యాటరీతో ఇంటికి చేరేవాడికి కావాలి గాని నీకు కాదు. అలాగని గోడకుండే మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో నెట్టుకురావాలని కూడా చూడకు. దానిలో గంటకు ఒకటిన్నర యూనిట్ కూడా రాదు, ఆ వచ్చినదానిలో చలిరోజున సగం బ్యాటరీని వెచ్చబెట్టుకోవడానికే సరిపోతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. నీ ప్యానెల్, అంటే బ్రేకర్లుండే పెట్టె మీద మెయిన్ బ్రేకరు 100 ఆంపియర్లని చెప్పావు, లివోనియాలోని పాత ఇళ్ళలో అది మామూలే. అటువంటి ఇంట్లో కొత్త బరువు, అంటే లోడు పెట్టేటప్పుడు ఇక్కడి కరెంటు పనుల నియమావళి, నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్, ఒక లెక్క వేయమంటుంది. ఆ లెక్కను నీ ఇంటికి సుమారుగా వేసి చూశాను. 1,500 చదరపు అడుగులకు అడుగుకు 3 చొప్పున 4,500 వాట్లు, వంటింటి రెండు సర్క్యూట్లకూ, బట్టలుతికే గదికీ 1,500 చొప్పున మరొక 4,500, డ్రయ్యరుకు 5,000, డిష్‌వాషరు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఫ్యాను వగైరాలకు 1,700, వెరసి 15,700. ఇందులో మొదటి 8,000 పూర్తిగానూ, మిగిలిన 7,700లో 40 శాతమూ తీసుకుంటే 11,080 అవుతుంది. ఏసీకి 4,000 కలిపితే 15,080. నీ ప్యానెల్ మోయగలది 24,000 కాబట్టి మిగిలేది తొమ్మిది వేలకు కాస్త తక్కువ. 80 ఆంపియర్ల చార్జరు ఒక్కటే 19,200 లాగుతుంది, 48 ఆంపియర్లది 11,520 లాగుతుంది, రెండూ పట్టవు. 24 ఆంపియర్లదానికి గంటల తరబడి నడిచే బరువు కాబట్టి పాతిక శాతం అదనంగా వేసుకున్నా 7,200 మాత్రమే, హాయిగా పడుతుంది. నీ స్టవ్వు, వాటర్ హీటరు గ్యాసువి కావడం వల్ల ఇది సాధ్యమైందని గుర్తుంచుకో. రేపు ఎప్పుడైనా వాటిని కరెంటువిగా మారిస్తే లెక్క మళ్ళీ మొదటినుంచీ వేయాలి. నేను వేసినది అంచనా మాత్రమే; నగరపాలక కార్యాలయంలో పర్మిట్ తీసుకునేటప్పుడు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ నీ ఇంటి సామాను చూసి వేసే లెక్కే నిలబడుతుంది.

నిన్ను చూడగానే 200 ఆంపియర్ల ప్యానెల్ వేయించుకోమని చెప్పేవాళ్ళు ఉంటారు. అది వేల డాలర్ల పని. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించని ఎలక్ట్రీషియన్‌కు పని ఇవ్వకు. నువ్వు కొనే బండితో వచ్చే పెట్టె లోపల కరెంటు పరిమితిని తగ్గించి పెట్టే స్విచ్చులు ఉంటాయి. అది నీకు కావలసినంత దిగువకు వస్తుందో లేదో మాన్యువల్ చూసి ఎలక్ట్రీషియన్‌నే చెప్పమను. రాకపోతే దానిని అమ్మేసి చిన్న చార్జరు కొను, ఊరికే వచ్చింది కదా అని దాని కోసం ఇంటిని మార్చకు.

తీగ విషయంలో ఒక్క మాట. 24 ఆంపియర్ల చార్జరుకు 30 ఆంపియర్ల బ్రేకరు, 10 గేజి రాగి తీగ సరిపోతాయి (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది). మునుముందు ప్యానెల్ పెంచి 48 ఆంపియర్లకు పోతే 60 ఆంపియర్ల బ్రేకరు కావాలి. అక్కడే చాలామంది పొరబడతారు. గోడలలో లాగే మామూలు రోమెక్స్ కేబుల్‌లో 6 గేజిదానికి కోడ్ అనుమతించేది 55 ఆంపియర్లే, కనుక ఆ రకం కేబుల్ అయితే 4 గేజి ఉండాలి, లేదా గొట్టంలో విడి తీగలు లాగి 6 గేజి వాడాలి. బిగించిన మరలను బిగువు కొలిచే టార్క్ స్క్రూడ్రైవరుతో చూశారా అని కూడా అడుగు. చేతి అంచనాతో బిగించిన మర ఆరు నెలలకు వదులైతే అక్కడే వేడి పుడుతుంది.

ఇక నా తప్పు. ఇంట్లో 14-50 అనే 240 వోల్టుల, 50 ఆంపియర్ల పెద్ద సాకెట్ ఉంటే చార్జరును ఎక్కడికైనా తీసుకుపోవచ్చునని, గోడకు శాశ్వతంగా బిగించే రకం కాకుండా 40 ఆంపియర్లు లాగే ప్లగ్ చార్జరు కొన్నాను. బిగించినవాడు చవక సాకెట్ పెట్టాడు, నేనూ చూసి ఊరుకున్నాను. ఆ సాకెట్లు వంట స్టవ్వుల కోసం చేసినవి. స్టవ్వు గంటసేపు ఆగి ఆగి వాడుకుంటుంది, ట్రక్కు పది గంటలు ఏకబిగిన లాగుతుంది. జనవరిలో ఒక ఉదయం ప్లగ్గు తీయబోతే రాలేదు. గ్యారేజీలో కాలిన ప్లాస్టిక్ వాసన ముందు రాత్రినుంచే వస్తున్నదట, మీ అత్తయ్య చెబితే హీటరు వాసన అన్నాను. బ్రేకరు దించి, ప్లగ్గును అటూ ఇటూ కదిలించి లాగితే సాకెట్ ముఖం కూడా దానితో పాటు ఊడి వచ్చింది. ఒక కన్నం చుట్టూ తెల్లని ప్లాస్టిక్ వేరుశనగ పొట్టు రంగుకు మారి, కరిగి, లోపలి ఇత్తడి పలక నల్లబడి ఉంది. బ్రేకరు ఎందుకు పడలేదా అని నువ్వు అడగవచ్చు. తీగలో కరెంటు పరిమితి దాటలేదు. వదులైన పట్టు దగ్గర పుట్టిన వేడి బ్రేకరుకు కనబడదు. ఆ వారమే సాకెట్ తీయించి చార్జరును నేరుగా తీగలకు కలిపించాను. నువ్వు మొదటినుంచీ అలాగే చేయించు. సాకెట్ తప్పదనుకుంటే కర్మాగారాలలో వాడే గట్టి రకం పెట్టించు.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది బండి తెచ్చుకున్నాక తేల్చవచ్చునని అనుకోకు. లైట్నింగ్‌లో చార్జింగ్ మూత డ్రైవరు వైపు ముందు చక్రం మీద ఉంటుంది. బండి పొడవు 19 అడుగుల 4 అంగుళాలు దాటుతుంది. మీ గ్యారేజీ లోపలి పొడవు టేపుతో కొలిచి చూడు, పనిసామాను అల్మరా తీయక తప్పదేమో. లోపల పట్టకపోతే డ్రైవ్‌వేలో ముందువైపు ఇంటికి ఉండేలా నిలిపినా, వెనుకవైపు ఉండేలా నిలిపినా కేబుల్ అందే చోటు చూసుకోవాలి. నేను అది చూడక, మొదటి చలికాలమంతా మంచు మీద కేబుల్‌ను ఈడ్చుకుంటూ తిరిగాను.

పాత బండి కాబట్టి వారంటీ ఎంత మిగిలిందో చూసుకో. బ్యాటరీ వారంటీ 8 ఏళ్ళు లేదా 1,00,000 మైళ్ళు, ఏది ముందైతే అది. ఆ గడువు మొదటి యజమాని బండి తీసుకున్న తేదీనుంచి మొదలవుతుంది, ఆ తేదీ డీలరు దగ్గర రాయించుకో. ఫోర్డ్ ఈ ట్రక్కు తయారీని ఆపుతున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది కదా అని భయపడనక్కరలేదు. డియర్‌బోర్న్‌లో 2022 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లు రోడ్ల మీద చాలానే ఉన్నాయి. రాయితీల ఆశ మాత్రం పెట్టుకోకు. వాహనాల మీది ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇంటి చార్జరు అమరిక ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్ల రాయితీ 2026 జూన్ 30 లోపు వాడుకలోకి తెచ్చినవాటికే, అదీ చట్టం గుర్తించిన ప్రాంతాలలోని ఇళ్ళకే. నీ చిరునామా అందులో ఉందో లేదో పన్ను లెక్కలు చూసేవారిని అడుగు.

రోజువారీ వాడకంలో రెండు అలవాట్లు చేసుకో. చార్జింగు 90 శాతం దగ్గర ఆగేలా పెట్టు, దూర ప్రయాణం ముందు రాత్రి మాత్రమే 100 చేయి. ఇంకొకటి, ఉదయం బయలుదేరే సమయాన్ని బండిలో నమోదు చేసి ఉంచు. అప్పుడు క్యాబినూ బ్యాటరీ గోడ కరెంటుతోనే వెచ్చబడతాయి, దారిలో నీ మైళ్ళు మిగులుతాయి. రాత్రి వేళ చౌక ధర ఉండే ప్లాను కోసం కరెంటు కంపెనీకి ఫోను చేయడం మరచిపోకు, నేను ఆరు నెలలు మరచిపోయాను.

2023 ఫిబ్రవరిలో మంచు వాన పడి ఇక్కడ లక్షల ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు ఈ బండి విలువ నాకు తెలిసింది. ముందు డిక్కీలోని ప్లగ్గుల నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి ఫ్రిజ్జునూ, బేస్‌మెంట్ నీళ్ళు తోడే సంప్ పంపునూ రెండు రోజులు నడిపాను. పక్కింటివాళ్ళ బేస్‌మెంట్‌లో మడమ లోతు నీళ్ళు చేరాయి, మాది పొడిగా ఉంది. బ్యాటరీలో నాలుగో వంతు ఖర్చయింది. అయితే ఫర్నేసుకు ప్లగ్గు ఉండదు, నేరుగా తీగలకు కలిపి ఉంటుంది కాబట్టి అది నడవలేదు, దుప్పట్లు కప్పుకొని కూర్చున్నాము. తరువాత దానికి ట్రాన్స్‌ఫర్ స్విచ్, అంటే వీధి కరెంటు నుంచి ట్రక్కు కరెంటుకు మార్చే స్విచ్ పెట్టించాను. అది న్యూట్రల్‌ను కూడా మార్చే రకం కావాలి, లేకపోతే ట్రక్కులోని రక్షణ బ్రేకరు వెంటనే పడిపోతుంది. ఏం జరిగినా డ్రయ్యరు సాకెట్ గుండా ఇంటికి కరెంటు ఎక్కించే పని చేయవద్దు. వీధిలో తీగ బాగుచేసేవాడి ప్రాణం పోతుంది.

పడవ ట్రైలరు లాక్కొని మాకినా సిటీకి పోవాలన్నావు. సుమారు 270 మైళ్ళు. ఎత్తైన ట్రైలరు కడితే ఈ బండి రేంజి, అంటే ఒక్క చార్జికి నడిచే దూరం, సగానికి పడిపోతుంది, దారిలో రెండుసార్లు ఆగక తప్పదు. చార్జింగు చోట్లు చాలావరకు ముందుకు దూర్చి నిలిపేవే కనుక ప్రతిసారీ ట్రైలరు విప్పాలి. టెస్లా స్టేషన్లలో 2024 ఫిబ్రవరి చివరినుంచి ఫోర్డ్ బండ్లకు అనుమతి ఉంది గాని అడాప్టరు కావాలి; అమ్మే ఆయన దగ్గర అది ఉందేమో అడుగు. వాళ్ళ కేబుల్ పొట్టిది, నీ మూత ముందు ఎడమవైపున ఉంది, బండిని అడ్డంగా నిలిపి రెండు స్థలాలు ఆక్రమించవలసి వస్తే మాటలు పడడానికి సిద్ధంగా ఉండు.

ఈ ఆదివారం లోపల మూడు ఫోటోలు పంపు. ప్యానెల్ తలుపు తీసి, బ్రేకర్ల మీది అంకెలు చదవగలిగేంత దగ్గరగా ఒకటి. తలుపు లోపలి కాగితం ఒకటి. ప్యానెల్ నుంచి గ్యారేజీ గోడ దాకా దారి కనిపించేలా ఒకటి. లోపలి లోహపు మూత మాత్రం విప్పవద్దు. మెయిన్ బ్రేకరు దించినా దాని పై తీగలలో కరెంటు ఉంటుంది. అవి చూశాక ఎలక్ట్రీషియన్‌ను ఏమేమి అడగాలో రాస్తాను, ఆ తరువాత బయానా ఇద్దువు గాని.

శుభాశీస్సులతో,
మామయ్య