తాతగారి పెట్టెలోని రూపాయలు పాప చదువుకు సరిపోతాయా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. తాతగారి ట్రంకు పెట్టెలో 22 వెండి రూపాయలు, కొన్ని చిల్లు కానీలు, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోట్లు దొరికాయి. అప్పటి నుంచి నెలకు 3,000 పెట్టి పాత నాణేలు కొంటున్నాను. పాపకు ఎనిమిదేళ్లు. ఇవి తన చదువుకు అక్కరకొస్తాయా? ట్రాక్టర్ నోటుకు 5 లక్షలు ఇస్తామంటూ ఒకాయన ఫోన్ చేసి, ముందు 2,500 కట్టమంటున్నాడు.

జవాబు: ముందు ఆ 2,500 కట్టొద్దు. కొనేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడగడు. పాత నోట్లు, నాణేల వ్యాపారం తాము చేయడం లేదని, దానికి కమీషన్లు వసూలు చేయడం లేదని రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రకటించింది. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ట్రాక్టర్ నోట్లు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయండీ, వాటికి లక్షలు రావు.

వెండి రూపాయల సంగతి వేరు. ఒక్కొక్కదాని మీద సంవత్సరం చూసి మూడు కుప్పలు పెట్టండి. 1939 వరకు వచ్చిన రూపాయి 11.66 గ్రాములు, అందులో అసలు వెండి దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు, కాబట్టి 5.8 గ్రాములే ఉంటుంది. 1947ది నికెల్, వెండి అసలు లేదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా ధరలో ఇంత తేడా. 1939 ముద్ర ఉన్నది కనిపిస్తే మాత్రం తొందరపడకండి. అది చాలా అరుదు, నకిలీలూ ఎక్కువే. మీ ఊళ్లో నగల అంగళ్లకు కొదవ లేదు గదా, తూకం వేయించుకోండి. కరిగించడానికి మాత్రం ఇవ్వకండి, అక్కడ వెండి ధరే కడతారు.

ఇంకోమాట. పూజకు పెట్టే ముందు చింతపండుతో తోముతారేమో, వద్దు. మా ఇంట్లో విక్టోరియా రూపాయిని అలాగే తళతళలాడించారు. రాణి జుట్టులోని సన్నని గీతలు అరిగిపోయాయి, సేకరించేవాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక పాప చదువు. నాణేలను ఆ లెక్కలో వేసుకోకండి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది వీటికి బాగా వర్తిస్తుంది. ఫీజు కట్టాల్సిన వారంలోనే కొనేవాడు దొరకాలని ఎక్కడుంది? అలాగని సరదా మానేయమనను, తాతగారి గుర్తు అది. నెలకు 500 దానికి ఉంచుకోండి. ఒక్క నాణెమైనా సరే, బాగా చూసి కొనండి. మిగతా 2,500 ఆడపిల్లల పేరిట తెరిచే ప్రభుత్వ పొదుపు పథకం, సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. పదేళ్లు నిండేలోపే తెరవాలి కాబట్టి మీకు ఇంకా సమయముంది. 15 ఏళ్లు కట్టాలి. పాపకు 18 నిండాక, లేదా పదో తరగతి పాసయ్యాక, చదువు కోసం ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా తీసుకోవచ్చు. పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్ పట్టుకుని ఈ వారమే పోస్టాఫీసుకు వెళ్లిరండి.