రోడ్డు మీది వాననీళ్ల చదువుకు కొలువులుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో ఏడాది. హైవేల వాననీటి పారుదల, ఆ నీటిలోని కాలుష్యం మీద ఎంటెక్ చేస్తానంటోంది. బంధువులేమో అమెరికాలో సస్టెయినబిలిటీ ఎంఎస్ చేయించమంటున్నారు. ఈ మురుగు కాల్వల చదువుకు భవిష్యత్తు ఉందా? రెండిట్లో ఏది మేలు?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి అడుగుతున్నది మురుగు కాల్వల చదువు కాదండీ. ఇళ్లలోంచి వచ్చేది మురుగు, రోడ్డు మీద పడి పారేది వాననీరు. మన ఊళ్లు రెండు గంటల వానకు మునగడానికి రెంటినీ ఒకే కాల్వలో కలిపేయడం కూడా ఒక కారణం. ఇక ‘ఏది మేలు’ అన్నదాని కింద మీ అసలు బెంగ ఇంకోటి కనిపిస్తోంది: పిల్ల ఏం చదువుతోందంటే నలుగురికీ ఏమని చెప్పుకోవాలని. ‘హైవే హైడ్రాలజీ’ అని చెప్పండి, సరిపోతుంది. ఆ మొహమాటం కోసం పాతిక ముప్పై లక్షల అప్పు తలకెత్తుకోకండి.

ఆ పని ఏమిటో కొంచెం చూడండి. పది మీటర్ల వెడల్పున్న తారు రోడ్డు కిలోమీటరు పొడవుంటే ఒక హెక్టారు. గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున వాన కురిసి, అందులో 90 శాతం పారిందనుకుంటే సెకనుకు 250 లీటర్లు. ఆ నీళ్లను ఎక్కడికి, ఏ మట్టంలో పంపాలన్నది ఆమె తేల్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి రోడ్డు డ్రైనేజీ మార్గదర్శక పుస్తకం, ఐఆర్‌సీ ఎస్పీ 42, ఇందుకు దారి చూపిస్తుంది గానీ తప్పులు జరిగేది పుస్తకం బయటే. డ్రాయింగులో కాల్వ ఉంటుంది, దాని అవుట్‌ఫాల్, అంటే నీళ్లు చివరికి బయటపడే చోటు, ఉండదు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) కన్నా కాల్వ చివరి అడుగు కిందికి పడితే నిండు వానల్లో నీళ్లు ఎదురు తంతాయి. వంపుల దగ్గర రోడ్డును ఒకవైపు వాల్చినప్పుడు బయటి దారి నీళ్లన్నీ రెండు దారుల నడుమ ఉండే మీడియన్‌కు చేరతాయి. అక్కడ కాల్వ, అడ్డంగా పైపు పెట్టడం మరిచారంటే నీళ్లు అవతలి దారి మీదికి పొర్లి బండ్లు జారతాయి. తారు కింది మట్టి నానితే గుంతలు ఎందుకు పడతాయో మీకు చెప్పక్కర్లేదు.

కాలుష్యం సంగతి ఇంకా లోతైనది. టైర్ల నుంచి జింకు, బ్రేకుల నుంచి రాగి, ఇంజిన్ల నుంచి నూనె ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకుని తొలకరి జల్లుకు ఒక్కసారిగా కదులుతాయి. అమెరికాలో సియాటెల్ చుట్టుపక్కల వాగుల్లో కోహో సాల్మన్ చేపలు వానల తర్వాత చచ్చిపోతుంటే, టైర్లలో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారిన పదార్థమే కారణమని 2020లో తేల్చారు. ఆ తొలి నీటిని పట్టి ఉంచాలంటే, 10 మిల్లీమీటర్ల వానకే హెక్టారుకు దాదాపు 90 ఘనమీటర్ల చోటు కావాలి. పట్టిన నీళ్లు మూడు రోజుల్లో ఇంకిపోవాలి, లేకుంటే దోమలు. అక్కడి పుస్తకాల్లోని గడ్డి కాల్వను ఇక్కడ అలాగే తవ్వితే మే నెలకు గడ్డి ఎండి, జూన్‌లో ఆ కాల్వే మట్టిని మోసుకుపోతుంది. మనవాళ్లు చేసే ఇంకో పొరపాటు, మట్టి పట్టే తొట్టి కట్టకుండా రోడ్డు నీటిని నేరుగా ఇంకుడు గుంతలోకి వదలడం. గుంత పూడుతుంది, పూడేలోపు నూనె భూగర్భజలంలోకి దిగుతుంది. ఇవన్నీ మన వాన, మన మట్టి తెలిసినవాళ్లు తేల్చాల్సిన లెక్కలు.

ఇక ఆ సస్టెయినబిలిటీ ఎంఎస్. నాకు దీని మీద అనుమానాలున్నాయి, దాచను. ఆ పేరుతో ఉన్న కోర్సుల్లో చాలావాటిలో నివేదికలు రాయడం నేర్పుతారు, పైపు సైజు లెక్కకట్టడం నేర్పరు. కంపెనీలకు ఉత్సాహం ఉన్నంతకాలం ఆ నివేదికలకు గిరాకీ ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ముందు కోతపడే వాటిలో అవీ ఉంటాయి. పైగా కోర్సు సీఐపీ కోడ్ (అక్కడ ప్రతి కోర్సుకూ ఇచ్చే వర్గీకరణ సంఖ్య) స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం జాబితాలో లేకపోతే చదువయ్యాక అక్కడ పని చేసుకునే గడువు 12 నెలలే, ఉంటే 36. ఈ ఒక్కటి చూసుకోకుండా ఫీజు కట్టేవాళ్లు ఎందరో! అమెరికా ఆలోచన ఉంటే సివిల్ లేదా ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లోనే, నీటి వనరుల విభాగంలో చేయమనండి. అక్కడ 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ కింద నగరాలకు, రోడ్డు శాఖలకు వాననీటి పర్మిట్లు ఉంటాయి. ఎకరం దాటిన నిర్మాణానికి మట్టి కొట్టుకుపోకుండా ప్లాను ఉండి తీరాలి. అందుకే కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది. ఫెడరల్ కొలువులు మాత్రం మామూలుగా పౌరులకే.

మరి ఇక్కడ? ‘స్టార్మ్‌వాటర్ ఇంజినీర్’ అన్న పోస్టు పేరు కోసం వెతికితే దొరకడం కష్టం. డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) తయారుచేసే కన్సల్టెన్సీల్లో హైడ్రాలజీ, డ్రైనేజీ డిజైన్ పేరుతో, నగరాల నాలా పనుల్లో ఆ కొలువు ఉంటుంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువే. ఐఐటీ హైదరాబాద్‌లో పర్యావరణ, నీటి వనరుల ఇంజినీరింగ్‌లో ఎంటెక్ ఉంది. గేట్‌తో సీటు, స్టైపెండ్ వస్తే మీ చేతి చమురు పెద్దగా వదలదు. అది చేసినా ప్రభుత్వ ఇంజినీరు కొలువుల ఏఈఈ పరీక్షల తలుపు మూసుకోదు, తర్వాత విదేశానికి వెళ్లే దారీ మూసుకోదు. కాబట్టి ఇప్పుడే ఏదో చేజారిపోతోందని కంగారు పడకండి. మూడో ఏడాదిలోనే తనకేం కావాలో చెప్పగలిగిన పిల్ల మీ ఇంట్లో ఉంది, మీరేమో బంధువులను అడుగుతున్నారు!

ఈలోగా ఆమె వాననీటి పారుదల లెక్కలకు ఎస్‌డబ్ల్యూఎంఎం (SWMM), వాగుల ప్రవాహానికి హెక్‌రాస్ (HEC-RAS), మ్యాపులకు క్యూజీఐఎస్ (QGIS) సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవచ్చు. మూడూ ఉచితం, కోచింగ్ సెంటర్‌కు డబ్బు కట్టకండి. తొలకరికి మినీ ప్రాజెక్టు చేయమనండి: ఫ్లైఓవర్ నీళ్లు పైపులోంచి కిందికి దిగే చోట, పారుదల మొదలైనప్పుడు, పది నిమిషాలకు, అరగంటకు నమూనాలు పట్టాలి. నూనె పరీక్షకు గాజు సీసానే వాడాలి, ప్లాస్టిక్‌కు నూనె అంటుకుని లెక్క తగ్గుతుంది. లోహాలకు ప్లాస్టిక్ సీసా, రెండు కన్నా తక్కువ పీహెచ్ వచ్చేలా నైట్రిక్ ఆమ్లం. మట్టి ఎంతుందో చూడటానికి పట్టిన నీటిని ఐస్ పెట్టెలో ఉంచి వారంలోపు వడకట్టాలి. రోడ్డు మీదికి ఎక్కకూడదు, మెరిసే జాకెట్ వేసుకోవాలి, ఒంటరిగా వెళ్లకూడదు. ఆ రోజు సెలవు పెట్టి గొడుగు మీరు పట్టుకోండి.