పాంక్రియాటైటిస్‌లో (క్లోమం వాపులో) ఎంజైములను ఆపే ఇంజెక్షన్ ఇస్తే సరిపోదా?

క్లోమం తన ఎంజైములతో తననే అరిగించుకుంటోందన్నారు, మరి వాటిని ఆపే ఇంజెక్షన్ ఇస్తే నాన్నగారికి తగ్గిపోదా, రక్తపరీక్షలో లైపేజ్ (కొవ్వును అరిగించే క్లోమ ఎంజైమ్) 1,800 వచ్చింది, అంటే కేసు సీరియస్సా అని అడిగారు. రెండోదానికి జవాబు చిన్నది: ఆ అంకెను బట్టి సీరియస్ అవునో కాదో చెప్పలేం. మొదటిదే అసలు సంగతి. ఇంజెక్షన్ పడేసరికి అది ఆపాల్సిన పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

క్లోమం తనను తానే జీర్ణం చేసుకుంటుందని 1896లో హాన్స్ కియారి అనే పాథాలజిస్ట్ చెప్పాడు. నిజమే, కానీ అది మొదటి అంకం మాత్రమే. క్లోమ కణం ట్రిప్సిన్‌ను (ప్రోటీన్లను అరిగించే ఎంజైమ్‌ను) నేరుగా తయారుచేయదు. ట్రిప్సినోజెన్ అనే పనిచేయని రూపంలో తయారుచేసి సంచుల్లో కట్టి పెడుతుంది. పొరపాటున కొంత మేల్కొన్నా అణిచేయడానికి స్పింక్1 అనే ప్రోటీన్‌ను పక్కనే కాపలా ఉంచుతుంది. (మన దేశంలో కనిపించే ట్రాపికల్ కాల్సిఫిక్ పాంక్రియాటైటిస్ (క్లోమంలో రాళ్లు కట్టే దీర్ఘకాలిక జబ్బు) రోగుల్లో చాలామందికి ఈ స్పింక్1 జన్యువులోనే తేడా ఉందని 2002లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు చూపించారు.) మామూలుగా చిన్నపేగుకు చేరాక ఎంటెరోకైనేజ్ అనే పేగు ఎంజైమ్ ట్రిప్సినోజెన్ కొస కత్తిరిస్తేనే ట్రిప్సిన్ పుడుతుంది. పిత్తాశయం రాయి జారి నాళానికి అడ్డుపడినా, మద్యం దెబ్బ తగిలినా, కణంలో కాల్షియం పెరిగి దిగకుండా ఉండిపోతుంది. అప్పుడు సంచులు బయటికి పోకుండా లైసోజోములతో (కణంలో చెత్తను అరిగించే సంచులతో) కలిసిపోతాయి. లైసోజోముల్లోని కెథెప్సిన్-బి అనే ఎంజైమ్, పేగులో జరగాల్సిన కత్తిరింపు అక్కడే చేసేస్తుంది. ప్రయోగాల ఎలుకల్లో ఇదంతా గంటలోపే కనిపిస్తుంది. ఆ కణంలోనే ట్రిప్సిన్‌తో పనిలేకుండా ఎన్ఎఫ్-కప్పా-బి అనే, వాపును రేపే ప్రోటీన్ మేల్కొని తెల్లరక్తకణాలకు కబురు పంపుతుంది. ట్రిప్సినోజెన్-7 జన్యువు తీసేసిన ఎలుకల్లో చచ్చే కణాలు తగ్గాయి గానీ వాపు ఆగలేదు.

మనిషి నొప్పితో క్యాజువాలిటీకి వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి. అందుకే ఎంజైములను ఆపే మందు అప్రోటినిన్‌తో పెద్ద ట్రయల్స్ చేసినా మరణాలు తగ్గలేదు, అలాంటిదే అయిన గాబెక్సేట్‌దీ అదే దారి. మన దేశంలో ఇదే కోవకు చెందిన యూలినాస్టాటిన్ మాత్రం ఇప్పటికీ బాగానే రాస్తున్నారు. అది తెల్లకణాల ఎలాస్టేజ్‌ను (కణజాలపు సాగే పీచును తినే ఎంజైమ్‌ను) కూడా అణుస్తుంది, కాబట్టి ఊహ చెడ్డది కాదు. అయినా ప్రధాన అంతర్జాతీయ గైడ్‌లైన్లు దాన్ని మామూలు వైద్యంలో చేర్చలేదు. బిల్లు చూసుకుని మరీ రాయించుకోండి.

రెండో అంకంలో కణజాలాన్ని కోసేది న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలే. వాటి రేణువుల్లో ఎలాస్టేజ్, ఎమ్ఎమ్‌పి-9 అనే ఎంజైములు ముందే నిండి సిద్ధంగా ఉంటాయి. సన్న రక్తనాళం గోడ వెనక ఆసరాగా టైప్-4 కొల్లాజెన్ పొర ఒకటి ఉంటుంది. ఎమ్ఎమ్‌పి-9 దాన్నే తెంపుతుంది. పొర తెగితే ప్లాస్మా బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. క్లోమం సొంత ఎలాస్టేజ్ పెద్ద నాళాల సాగే పీచును తింటే లోపలే రక్తస్రావం. ఫాస్ఫోలైపేజ్-ఎ2 అనే మరో ఎంజైమ్ ఊపిరితిత్తుల్లోని సర్ఫాక్టెంట్‌ను (గాలి తిత్తులు మూసుకుపోకుండా ఉంచే పూతను) పాడుచేస్తుంది. ఇక లైపేజ్ చుట్టూ ఉన్న కొవ్వును విరగ్గొడుతుంది. విడుదలైన కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి అక్షరాలా సబ్బు అవుతాయి. పొట్ట తెరిస్తే అక్కడక్కడా కొవ్వొత్తి చుక్కల్లా తెల్లగా కనిపిస్తాయి. రక్తంలో కాల్షియం పడిపోవడానికి ఇదీ ఒక కారణం. పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువున్న వాళ్లకి జబ్బు ముదరడం వెనక ఈ లైపేజ్ చేసే పనే చాలావరకు ఉందని నా అభిప్రాయం.

రక్తంలో లైపేజ్ పెరిగిందంటే క్లోమ కణాలు కారుతున్నాయని అర్థం, అంతే. నార్మల్ గరిష్ఠానికి మూడు రెట్లు దాటి, నొప్పి కూడా అలాంటిదే అయితే జబ్బు ఖాయం. ఆ తర్వాత రోజూ రిపీట్ చేయించడం డబ్బు దండగ. 600 వచ్చిన వాళ్లు ఐసీయూలో ఉంటారు, 3,000 వచ్చిన వాళ్లు నాలుగో రోజుకి ఇడ్లీ తింటుంటారు. ట్రైగ్లిసరైడ్లు 1,000 దాటిన వాళ్లకి అమైలేజ్ (రక్తంలో చూసే మరో క్లోమ ఎంజైమ్) తప్పుగా నార్మల్ చూపించవచ్చు, అది గుర్తుంచుకోండి.

జబ్బు ఎంత సీరియస్సో తెలియాలంటే మీరు అడగాల్సినవి వేరు. మొదటి 48 గంటల్లో రక్తంలో యూరియా పెరుగుతోందా? హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 44 దాటి దిగనంటోందా? 48 గంటలకు సీఆర్‌పీ (రక్తంలో వాపును చూపే ప్రోటీన్) 150 దాటిందా? 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మి.లీ. మూత్రం వస్తోందా? సెలైన్ విషయంలో పాతకాలపు ధాటి ఇప్పుడు లేదు. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ ట్రయల్‌లో ఎక్కువ ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) ఎక్కించిన వాళ్లలో 20.5 శాతానికి ఒంట్లో నీరు ఎక్కువైంది, మితంగా ఎక్కించిన వాళ్లలో 6.3 శాతానికే. మితం అంటే కిలోకు గంటకు 1.5 మి.లీ., అంటే 60 కిలోలకు 90 మి.లీ. నీరు బాగా తగ్గిపోయి ఉంటే మాత్రం ముందు కిలోకు 10 మి.లీ. బోలస్‌గా (ఒకేసారి వేగంగా) ఇస్తారు.

మొదటి రోజే సీటీ చేయించమని పట్టుపట్టకండి. చచ్చిన కణజాలం సరిగా కనిపించడానికి మూడు రోజులన్నా పడుతుంది, రోగ నిర్ధారణలో అనుమానం ఉంటే తప్ప ముందే తీసి లాభం లేదు. ఇన్ఫెక్షన్ లేకుండా "ముందు జాగ్రత్తకి" యాంటీబయాటిక్స్ ఇవ్వడం అలవాటే తప్ప వైద్యం కాదు. ఆకలేస్తే, వాంతులు లేకపోతే 24 గంటల్లోనే తినిపించవచ్చు, లైపేజ్ దిగేదాకా పస్తులుంచనక్కర్లేదు. పాంక్రియాటిన్ (క్లోమ ఎంజైముల) క్యాప్సూల్స్ మాత్రం మలం జిడ్డుగా తేలుతూ, బరువు తగ్గుతుంటేనే అడగండి. రాళ్ల వల్ల వచ్చిన తేలికపాటి కేసైతే పిత్తాశయం ఈ అడ్మిషన్‌లోనే తీయించండి, "ఆరు వారాలాగి రండి" అంటే ఎందుకని అడగండి.