ప్రయాణ సందేహాలు: క్విటోలో రెండున్నర రోజులు

ప్రశ్న: గాలాపగోస్ దీవులకు వెళ్తూ దారిలో ఈక్వెడార్ రాజధాని క్విటోలో ఆగుతున్నాము. మొదటి రోజు మధ్యాహ్నం దిగి, నాలుగో రోజు తెల్లవారుజామున బయలుదేరాలి. నా భర్తకు 62 ఏళ్లు, నాకు 58. ఆరోగ్యం బాగానే ఉంది కానీ ఎత్తైన ప్రదేశాల్లో ఎన్నడూ ఉండలేదు. దిగిన సాయంత్రమే కేబుల్ కారులో కొండపైకి, రెండో రోజు భూమధ్యరేఖ స్మారకానికి, మూడో రోజు పాత నగరానికి వెళ్దామనుకుంటున్నాము. ఈ క్రమం సరైనదేనా? స్మారకం అసలు రేఖ మీద లేదంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఎంచుకున్నవన్నీ చూడదగినవే. అయితే క్రమాన్ని దయచేసి మార్చుకోండి. క్విటో సముద్రమట్టానికి 2,850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానికంటే నాలుగో వంతుకు పైగా తక్కువ. కేబుల్ కారు మిమ్మల్ని పిచించా అగ్నిపర్వతం వాలు మీద ఇంచుమించు 3,900 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. విమానం దిగిన కొన్ని గంటలకే అంత ఎత్తుకు వెళ్తే తలనొప్పి, వికారం, నిద్రలేమి రావచ్చు, ఆపై మిగిలిన రెండు రోజులూ గదిలోనే గడిచిపోవచ్చు. అందుచేత కేబుల్ కారును మూడో రోజు ఉదయానికి జరపండి. అప్పటికి శరీరం కొంత అలవాటు పడుతుంది. మేఘాలు సాధారణంగా మధ్యాహ్నానికి కమ్ముకుంటాయి కాబట్టి, ఆకాశం నిర్మలంగా ఉండి 5,897 మీటర్ల కోటోపాక్సీ శిఖరం కనబడే అవకాశం కూడా ఉదయమే ఎక్కువ.

2013లో ప్రారంభమైన విమానాశ్రయం నగరానికి తూర్పున, ఊరికంటే దాదాపు 400 మీటర్లు దిగువన ఉంది. ఎత్తు విషయంలో మీకు బెంగగా ఉంటే తొలి రాత్రి ఆ చుట్టుపక్కలే బస చేయడం మంచిది. ఆ సాయంత్రం నెమ్మదిగా నడవండి, నీళ్లు బాగా తాగండి, మద్యం ముట్టకండి. రక్తపోటు, గుండె జబ్బుల వంటివి ఏమైనా ఉంటే బయలుదేరే ముందే వైద్యుని సంప్రదించి, ఎత్తుకు వాడే మందు మీకు అవసరమో కాదో అడిగి తెలుసుకోండి. అక్కడికి వెళ్లాక ఊపిరి ఆడకపోయినా, నడకలో తూలుతున్నా ఆలస్యం చేయకుండా కిందికి దిగి వైద్యసహాయం పొందాలి.

రెండో రోజంతా పాత నగరానికే కేటాయించండి. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాను తొలిసారి ప్రకటించినప్పుడే అందులో చోటు పొందిన నగరమిది, ఒక్క పూటలో ముగించడం న్యాయం కాదు. 2023 డిసెంబరులో మొదలైన మెట్రోలో శాన్ ఫ్రాన్సిస్కో స్టేషన్‌లో దిగితే నేరుగా చౌకులోకే వస్తారు. ఎదురుగా ఉన్న చర్చి ముంగిలి గురించి ఒక కథ చెబుతారు. కాంటూన్యా అనే ఆదివాసి మేస్త్రీ, తెల్లవారేలోగా పని పూర్తయితే తన ఆత్మను ఇస్తానని సైతానుతో ఒప్పందం చేసుకుని, ఒక్క రాయి లోటుండేలా చూసి తప్పించుకున్నాడట. లోపల ప్రధాన పీఠం మీద రెక్కలు చాచిన చిన్న కొయ్య విగ్రహం ఉంటుంది. అది బెర్నార్డో దె లెగార్దా 1734లో మలచిన మేరీమాత. బయటికి వచ్చి తల పైకెత్తి చూస్తే దూరంగా పానెసియ్యో గుట్ట మీద అదే రూపం అల్యూమినియం పలకలతో నగరమంతటికీ కనబడుతూ నిలబడి ఉంటుంది. చిన్నదాన్ని ముందు చూసి, పెద్దదాని దగ్గరికి తరువాత వెళ్లండి. గుట్టకు మెట్లదారి క్షేమం కాదు, టాక్సీలోనే వెళ్లిరండి.

శాన్ ఫ్రాన్సిస్కో చౌకుకు కొద్ది అడుగుల దూరంలో లా కొంపాన్యియా చర్చి ఉంది. 1605లో మొదలుపెట్టి ఇంచుమించు 160 ఏళ్లు కట్టారు. లోపలి గోడలు, కప్పు బంగారు రేకుతో నిండి ఉంటాయి. కాసేపు కూర్చుని కళ్లను అలవాటు పడనిస్తే చెక్కడాలు ఒక్కొక్కటిగా తేటపడతాయి. సాయంత్రం ఓపిక మిగిలితే గోథిక్ శైలిలో కట్టిన బసిలికాకు వెళ్లండి. యూరప్ చర్చిల్లో వికృతాకార రాక్షసులుండే చోట ఇక్కడ ఇగువానాలు, తాబేళ్లు, ఆర్మడిల్లోలు గోడల మీది నుంచి తొంగిచూస్తాయి. గోపురం పైకి చాలా నిటారైన నిచ్చెనలున్నాయి. మోకాళ్లు సహకరించకపోతే కిందినుంచి చూసినా పెద్దగా నష్టం లేదు.

మూడో రోజు కేబుల్ కారు తరువాత, నగరానికి ఉత్తరాన దాదాపు 26 కిలోమీటర్ల దూరంలోని భూమధ్యరేఖ స్మారకానికి వెళ్లవచ్చు. ఉదయమే మబ్బు పట్టి ఉంటే కేబుల్ కారును నిస్సంకోచంగా వదిలేయండి. 30 మీటర్ల ఈ స్మారకం అసలు రేఖకు సుమారు 240 మీటర్లు దక్షిణాన ఉందన్నది నిజమే, ఉపగ్రహాల కొలతతో అది తేలింది. అయినా ఆ చోటుకు గౌరవం తగ్గదు. భూమి ధ్రువాల వద్ద నొక్కుకుని ఉందా, నడుము వద్దనా అన్న వివాదాన్ని తేల్చడానికి 1736లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు లా కొండమీన్, బుగేర్, గొడాన్‌ల బృందం ఈ ప్రాంతానికి వచ్చి, ఏళ్ల తరబడి కొండలెక్కి కొలతలు తీసింది. దగ్గరలోని ఒక ప్రదర్శనశాలలో, రేఖకు ఒక పక్క నీళ్లు ఒక వైపు తిరుగుతాయని, మరో పక్క ఎదురు వైపు తిరుగుతాయని తొట్టెతో చేసి చూపిస్తారు. సరదాగా చూడండి కానీ నమ్మకండి. భూభ్రమణ ప్రభావం అంత చిన్న తొట్టెలో కనబడదు, నీళ్లు పోసే తీరే అందుకు కారణం.

2000 నుంచి అక్కడ చెల్లుబాటయ్యేది అమెరికన్ డాలరే. 50, 100 డాలర్ల నోట్లను చిన్న దుకాణాలు, టాక్సీలు తరచూ తిరస్కరిస్తాయి కాబట్టి 1, 5, 10 డాలర్ల నోట్లే ఎక్కువగా ఉంచుకోండి. ఏడాది పొడుగునా సాయంత్రం ఆరు దాటగానే చీకటి పడుతుంది, చలి కూడా మొదలవుతుంది. ఒక స్వెటర్ దగ్గర పెట్టుకోండి. మబ్బుగా ఉన్నా అక్కడి ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది కనుక టోపీ, సన్‌స్క్రీన్ మరవకండి.